సరిహద్దు దాటిన క్రియాటినిన్ రిపోర్టు

శ్రీకాకుళం నుంచి బతుకుతెరువుకి ఒడిశాలోని బ్రహ్మపురం వచ్చి ల్యాబుల్లో, ఆసుపత్రి రికార్డు గదుల్లో కుదురుకున్న తెలుగువాళ్లున్నారు. ఉద్దానం కిడ్నీ రోగులు కూడా ఇచ్చాపురం దాటి అక్కడికే వస్తుంటారు. కవిటిలో ఒక రిపోర్టు, సోంపేటలో ఒకటి, బ్రహ్మపురంలో మూడోది. ఈ మూడూ ఒకే మనిషివని తేలకపోతే పరిశోధనకు పనికిరావు. దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అని రాయాలంటే ఇజిఎఫ్ఆర్ (కిడ్నీలు రక్తాన్ని ఎంత వడకడుతున్నాయో చెప్పే అంచనా) 60 కంటే తగ్గడం గానీ, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ పోవడం లాంటి దెబ్బ కనబడటం గానీ కనీసం మూడు నెలలు కొనసాగాలి. ఎండలో పనిచేసి ఒంట్లో నీరు తగ్గినవాడికీ క్రియాటినిన్ (కిడ్నీలు రక్తంలోంచి తీసేయాల్సిన వ్యర్థం) తాత్కాలికంగా పెరుగుతుంది. మూడు నెలల తర్వాతి రెండో రిపోర్టు చేతికి రాకుండా అతన్ని రోగుల్లో కలపడానికీ లేదు, తీసేయడానికీ లేదు.

ఈ రికార్డుల పనిలో కొత్తగా చేరినవాళ్లు మొదట జాగ్రత్త పడాల్సింది అంకెల దగ్గర. క్యాంపు రిజిస్టర్లలో చేత్తో రాసిన ఒడియా అంకెలు కనిపిస్తాయి. ఒడియా నాలుగు, పైన మూత తెరిచిన 8 లా ఉంటుంది. 45 ఏళ్ల మగమనిషికి క్రియాటినిన్ 1.4 అయితే 2021 సీకేడీ-ఎపి సూత్రం (క్రియాటినిన్, వయసు, ఆడ-మగ బట్టి ఇజిఎఫ్ఆర్ లెక్కగట్టేది) ప్రకారం ఇజిఎఫ్ఆర్ దాదాపు 63. దాన్ని 1.8 అని ఎక్కిస్తే 47కి పడిపోతుంది. జబ్బు లేనివాడు కాస్తా రోగి లెక్కలో పడిపోతాడు. అందుకే పేజీని ముందు ఫోటో తీసి దాచాలి, తర్వాతే టైపు చెయ్యాలి. మూలాన్ని దిద్దకూడదు, సరిచేసిన విలువకు పక్కన వేరే గడి పెట్టాలి.

ప్రతి ఫలితంతో పాటు నాలుగు సంగతులు వెళ్లాలి: ఏ పరీక్ష, ఏ యూనిట్, ఏ పద్ధతి, రక్తం తీసిన తేదీ. పరీక్షకు లోయింక్ కోడ్ (ఒక్కో ల్యాబ్ పరీక్షకి అన్నిచోట్లా వాడే ఒకే గుర్తింపు సంఖ్య) వాడాలి. రక్తంలో క్రియాటినిన్, మిల్లీగ్రాముల్లో అయితే 2160-0. మూత్రంలో అయితే 2161-8. ల్యాబ్ సాఫ్ట్‌వేర్‌లో రెంటికీ ఉత్త 'క్రియాటినిన్' అనే ఉంటే గందరగోళం అక్కడే మొదలవుతుంది. లీటరుకి ఇన్ని మైక్రోమోల్ అని వచ్చిన విలువని 88.4తో భాగిస్తే డెసిలీటరుకి ఎన్ని మిల్లీగ్రాములో వస్తుంది. పద్ధతి సంగతి చాలామంది వదిలేస్తారు, అది పెద్ద పొరపాటు. క్రియాటినిన్ కొలిచే జాఫే పద్ధతి (రసాయనం కలిపి, వచ్చే రంగుని బట్టి కొలిచేది) చవక. కానీ రక్తంలో గ్లూకోజు, కీటోన్లు, కొన్ని యాంటీబయాటిక్స్ ఉంటే లేని క్రియాటినిన్‌ని కూడా చూపిస్తుంది. ఎంజైము పద్ధతిలో ఆ బెడద తక్కువ. ఒకే మనిషికి కవిటిలో జాఫే, బ్రహ్మపురంలో ఎంజైము చేస్తే, ఆ తేడాని చూసి జబ్బు తగ్గిందనుకునే ప్రమాదం ఉంది. ఆసుపత్రి కంప్యూటర్లు ఒకదానికొకటి రికార్డులు పంపుకునే ఫైర్ (FHIR) ప్రమాణంలో, పరీక్ష ఫలితం ఉండే అబ్జర్వేషన్ రికార్డుకి మెథడ్ అని గడే ఉంది, దాన్ని ఖాళీగా వదలొద్దు. తేదీ ముందు సంవత్సరం, తర్వాత నెల, రోజు. లేకపోతే 03/07 మార్చో జూలైయో ఎక్సెల్ తనే తేల్చేస్తుంది, మూడు నెలల లెక్క అక్కడే తప్పుతుంది. పరీక్ష చేయకపోతే సున్నా వేయకండి. ఖాళీ ఉంచి, ఎందుకు లేదో రాయండి.

ఇక మనిషిని గుర్తుపట్టడం. మన సింహాచలం అక్కడి రికార్డులో సిమాంచల్ అవుతాడు. మనవాళ్లు ఇంటిపేరు ముందు చెబుతారు, అక్కడ ఫారంలో అది చివర ఉంటుంది. ఫోను నంబరు ఇంటిల్లిపాదికీ ఒకటే. 14 అంకెల ఆభా నంబరు (కేంద్రం ఇచ్చే ఆరోగ్య ఖాతా నంబరు) ఉంటే పని సగం తగ్గుతుంది. లేకపోతే పేరు ఒక్కటే చూసి కలపకూడదు: పుట్టిన సంవత్సరం, తండ్రి లేదా భర్త పేరు, ఊరు, ఫోను, ఒక్కోదానికి ఇన్ని మార్కులని వేసి, మధ్యస్తంగా వచ్చిన జతల్ని మనిషే చూడాలి. తెలుగు తెలిసినవాళ్లు కౌంటర్లో ఉండటం ఇక్కడే అక్కరకొస్తుంది. "ఏ ఊరమ్మా? కన్నవారిదా, అత్తవారిదా?" అని అడిగితే చాలు, రెండు రికార్డులు కలుస్తాయి.

ఊరి దగ్గర మరో చిక్కు. అక్కడి ఫారంలోని జిల్లాల జాబితాలో శ్రీకాకుళం లేకపోతే చుట్టాల ఇంటి అడ్రసు చెప్పేస్తారు, ఉద్దానం రోగి బ్రహ్మపురం ఉన్న గంజాం జిల్లా లెక్కలో పడతాడు. ఏ నీళ్లు తాగాడు, ఏ నేలలో పనిచేశాడు అని కారణం వెతికే జబ్బుకి ఇది ఘోరమైన నష్టం. నివాసం, తాత్కాలిక అడ్రసు విడివిడిగా తీసుకుని, ఊరికి లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ కోడ్ (ప్రతి ఊరికీ ప్రభుత్వం ఇచ్చిన సంఖ్య) వేయాలి. 2022లో పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది. పాత రికార్డులు శ్రీకాకుళం అనే చెబుతాయి.

పరిశోధకులకి ఇచ్చే కాపీలో పేరు, ఫోను, ఆభా నంబరు ఉండకూడదు. వాటి బదులు ఒక సంకేత సంఖ్య వేసి, ఏ సంఖ్య ఎవరిదో చెప్పే పట్టిక వేరేచోట, వేరే మనిషి దగ్గర ఉంచాలి. చిన్న ఊళ్లలో వయసు, ఊరు చెబితేనే మనిషి దొరికిపోతాడు కనుక మండలం వరకే ఇవ్వడం మేలు. ఈ వివరాలు ఇంకో అధ్యయనానికీ వాడొచ్చా అన్నది సమ్మతి పత్రంలోనే అడగాలి. ఆ పత్రం ఒడియాలో ఉంటే మన రోగికి తెలుగులో చదివి వినిపించాకే వేలిముద్ర వేయించాలి.