పొగడ్త కూడా మూసే

ఇక్కడ అమెరికాలో మా అమ్మాయి, హైస్కూల్లో ఆమె స్నేహితులు కలిసి పది నిమిషాల డాక్యుమెంటరీ తీయబోతున్నారు. వార్తలు, టీవీ, సినిమాలు తమ వయసువాళ్ళను ఏ మూసలో పోసి చూపిస్తున్నాయన్నది విషయం. బాగా చదివేవాళ్ళను, వాలంటీర్లుగా పనిచేసేవాళ్ళను వరసగా చూపించి “మేం మీరనుకున్నంత చెడ్డవాళ్ళం కాదు” అని చెబుదామని కొందరన్నారు. మా అమ్మాయికి అది నచ్చలేదు. “అమ్మా, అలా తీస్తే మళ్ళీ మంచి పిల్లలే కనిపిస్తారు. మార్కులు రానివాళ్ళు ఎక్కడికి పోవాలి?” అంది.

ఆ ప్రశ్న మన ఇళ్ళల్లో అందరం వినాలి. అమెరికాలో మన పిల్లలకు అంటుకున్న మూస పొగడ్త రూపంలోనే వచ్చింది మరి. 1966లో విలియం పీటర్సన్ అనే సామాజికశాస్త్రవేత్త జపాన్ సంతతివారి విజయాన్ని మెచ్చుకుంటూ న్యూయార్క్ టైమ్స్ మ్యాగజీన్‌లో ఒక వ్యాసం రాశారు. కష్టపడి చదివి పైకొచ్చే ‘ఆదర్శ మైనారిటీ’ అన్న భావన అలాంటి రాతలతోనే పాకింది. ఒకరిని మెచ్చుకోవడం, వాళ్ళలా మీరెందుకు లేరని నల్లజాతివారిని నిలదీయడానికి సాధనమైంది. తర్వాత ఆ మెప్పు మనకూ దక్కింది. 2019లో స్క్రిప్స్ స్పెల్లింగ్ బీ అనే ఇంగ్లిషు స్పెల్లింగుల జాతీయ పోటీలో ఎనిమిదిమంది ఉమ్మడి విజేతలైతే, ఏడుగురు భారత సంతతి పిల్లలే. వాళ్ళ కష్టం చిన్నది కాదు, చప్పట్లు కొట్టాల్సిందే. కానీ లెక్కలంటే వణికే పిల్లాడు, దిగులుతో రాత్రంతా నిద్రపట్టని అమ్మాయి ఆ చిత్రంలో ఎక్కడా ఉండరు. సాయం కావాలని అడగడానికి కూడా వాళ్ళకు నోరు పెగలదు.

తెలుగు సినిమాలదీ అదే వరస. అమెరికా నుంచి వచ్చిన పిల్ల అంటే వచ్చీరాని తెలుగు, పెద్దలంటే లెక్కలేనితనం, చివర్లో ఎవరో బుద్ధి చెబితే మారిపోవడం. సెలవులకు వెళ్తే కొందరు చుట్టాలు ఆ కళ్ళతోనే చూస్తారు. ఇక్కడొక మూస, అక్కడొక మూస. రెంటిలోనూ తను లేనని పిల్లలకు తెలుసు, చెప్పుకునే చోటే దొరకదు.

అయితే డాక్యుమెంటరీ మన బాధ దగ్గరే ఆగిపోకూడదు. 1995లో జాన్ డియులియో అనే రాజనీతి ఆచార్యుడు కరుడుగట్టిన బాలనేరస్థుల తరం ఒకటి ముంచుకొస్తోందని హెచ్చరిస్తూ వాళ్ళకు ‘సూపర్‌ప్రెడేటర్లు’ అని పేరు పెట్టాడు. పత్రికలు, టీవీలు దాన్ని ఎత్తుకున్నాయి. నిజానికి హింసాత్మక నేరాల్లో మైనర్ల అరెస్టుల రేటు 1994లో గరిష్ఠానికి చేరి, అప్పటికే దిగడం మొదలైంది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి దిగుతూనే వచ్చింది. ఆ భయం వ్యాపించిన కాలంలోనే మైనర్లను పెద్దల కోర్టుల్లో విచారించేందుకు అనేక రాష్ట్రాలు చట్టాలు సవరించాయి. ఆ బరువు ఎక్కువగా పడింది నల్లజాతి పిల్లల మీద. మూస మనసు నొప్పించి ఊరుకోదని, జైలు దాకా తీసుకెళ్తుందని చెప్పడానికి ఇంతకంటే గట్టి ఉదాహరణ నాకు కనబడలేదు. “ఆ పిల్లలతో తిరగకు” అని మన ఇళ్ళల్లో వినిపించే మాటకూ ఈ వార్తలకూ ఉన్న సంబంధం కూడా అందులో రావాలని నా కోరిక.

ప్రశ్నలు రాసుకోవడంలోనే సగం పని ఉంది. “మీడియా మిమ్మల్ని చెడ్డగా చూపిస్తోందా?” అని అడిగితే అవుననే అంటారు, అంతటితో సరి. “టీవీలో చూసి ఇది నేను కాదు అని ఎప్పుడనుకున్నావు?” అంటే ఒక కథ బయటికొస్తుంది. “ఇంకొకరి గురించి నువ్వు నమ్మిన మూస ఏది?” అన్నది మా అమ్మాయే చేర్చింది, నాకు అన్నిటికంటే నచ్చింది అదే.

వార్తల క్లిప్పులు వాడాలంటే అమెరికా 1976 కాపీరైట్ చట్టం 107వ సెక్షన్‌లో విమర్శకు, వ్యాఖ్యానానికి కొంత వెసులుబాటు ఉంది. కానీ అలంకారానికి వెనక ఆడించడం వేరు, క్లిప్పును ఆపి అందులో ఏముందో విప్పి చెప్పడం వేరు. రెండోదైతేనే ఆ వెసులుబాటుకు బలం. అందుకే అవసరమైనన్ని సెకన్లే తీసుకుంటున్నారు.

పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళు మాట్లాడాలంటే తల్లిదండ్రుల సంతకం తీసుకోవాలని పిల్లలు నిర్ణయించుకున్నారు. ఫెయిలైన సంగతి, దిగులు సంగతి చెబితే పరువు పోతుందని కొందరు తల్లిదండ్రులు వెనకాడుతున్నారు. వాళ్ళ భయం నాకు అర్థమవుతుంది. నెట్‌లోకి వెళ్ళిన వీడియోను వెనక్కి తీసుకోవడం కష్టం. ముఖం చూపించకుండా గొంతు మాత్రమే వాడతామని, ఎడిటింగ్ అయ్యాక ఎవరి భాగం వాళ్ళకు చూపించి మళ్ళీ అడుగుతామని, వద్దంటే తీసేస్తామని పిల్లలు కాగితం మీద రాసిచ్చారు. సంతకం పెట్టాలో వద్దో తేల్చుకునే ముందు, మీ అబ్బాయో అమ్మాయో ఏం చెప్పాలనుకుంటున్నారో కెమెరా లేనప్పుడు ఒకసారి కూర్చుని వినండని ఆ తల్లిదండ్రులను అడుగుతున్నాను.