తాడా, కడ్డీనా? కొలిజన్ లెక్క మొదలుపెట్టే ముందు

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు నుంచి జేఈఈకో నీట్‌కో చదువుతున్న మన పిల్లల కోసం రాస్తున్నా. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ప్లస్ టూ పుస్తకం ఇంగ్లిష్, డౌట్ అడిగేటప్పుడు మూడూ కలిపి కొట్టడం... ఇది మనందరికీ ఉన్నదే, దానికి టెన్షన్ పడక్కర్లేదు. ఒక్కటి మాత్రం అప్లికేషన్ నింపేటప్పుడే చూసుకోండి. తెలుగు పేపరు ఆంధ్ర, తెలంగాణ సెంటర్లలోనే ఇస్తారు, ఒడిశాలో సెంటర్ పడితే ఇంగ్లిష్, హిందీ, ఒడియాల్లో ఏదో ఒకటి ఎంచుకోవాలి. ఆ ఏడాది బులెటిన్ చదివాకే భాష టిక్కు పెట్టండి.

ఇక అసలు సంగతి. కొలిజన్ లెక్క, అంటే రెండు వస్తువులు గుద్దుకునే లెక్క, కనపడగానే మనవాళ్లు చేసే మొదటి పని ద్రవ్యవేగం (ద్రవ్యరాశి × వేగం) కోసం m1u1 + m2u2 అని రాసేయడం. దాని కింద గతిజశక్తి సమీకరణం కూడా అలవాటుగా రాసేస్తారు. అది స్థితిస్థాపక అభిఘాతం (గతిజశక్తి ఏమీ పోని గుద్దుడు) అని లెక్కలో చెప్పాడో లేదో చూడరు. నా మాట వినండి, సమీకరణం జోలికి పోకముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: గుద్దుకున్న ఆ క్షణంలో బయటి నుంచి ఎవడైనా గట్టిగా నెడుతున్నాడా? నెట్టకపోతేనే మొత్తం ద్రవ్యవేగం మారకుండా నిలుస్తుంది.

బాలిస్టిక్ పెండ్యులం తీసుకుందాం. బెంజమిన్ రాబిన్స్ 1742లో తుపాకీ గుండు వేగం కొలిచే పద్ధతిగా వివరించింది ఇదే. 20 గ్రాముల గుండు 300 మీ/సె వేగంతో వచ్చి, తాడుతో వేలాడుతున్న 1.98 కిలోల చెక్క దిమ్మెలో దిగిపోయింది. దిమ్మె ఎంత ఎత్తుకి లేస్తుంది? ద్రవ్యవేగం 0.02 × 300, అంటే 6. మొత్తం ద్రవ్యరాశి 2 కిలోలు కాబట్టి వేగం 3 మీ/సె. g = 10 అనుకుంటే ఎత్తు 9/20, అంటే 0.45 మీటర్లు. ఇప్పుడు మొదటి నుంచి చివరిదాకా శక్తి నిత్యత్వం పెట్టి చూడండి. గుండు గతిజశక్తి 900 జౌళ్లు, దాన్ని 2 × 10తో భాగిస్తే 45 మీటర్లు! దిమ్మె పదిహేను అంతస్తుల మేడ ఎక్కేసినట్టు. పేపరు తయారుచేసేవాడు ఆ 45ని ఆప్షన్లలో పెట్టకుండా ఉంటాడా? నిజానికి గుండు దిగాక మిగిలింది 9 జౌళ్లే, తక్కిన 891 చెక్క చీలడానికీ వేడికీ పోయాయి. అందుకే దీన్ని రెండు ముక్కలు చేయాలి. గుద్దుకునేటప్పుడు ద్రవ్యవేగం, పైకి ఊగేటప్పుడు శక్తి. ఈ రెండూ కలిపేస్తే లెక్క పోయినట్టే.

మరి కిందకి లాగే గురుత్వాకర్షణ బయటి బలమే కదా, దాన్నెందుకు వదిలేశాం? మావైపు ట్యూషన్లలో దీన్ని ఎవరూ అడగరు, అడిగితే ‘సిలబస్‌లో లేదు’ అంటారు. ఒకటి, అది నిలువుగా పనిచేస్తుంది, మనం రాసింది అడ్డంగా ఉన్న ద్రవ్యవేగం. రెండోది ఇంకా ముఖ్యం. గుద్దుకోవడం ఒక మిల్లీసెకనులో అయిపోయిందనుకోండి, అంతసేపట్లో 2 కిలోల మీద గురుత్వం ఇచ్చే ప్రచోదనం (బలం × సమయం) 20 × 0.001, అంటే 0.02. ఆరు పక్కన అదెంత? బయటి బలం అసలు లేకపోవడం కాదు, దాని ప్రచోదనం లెక్కలోకి రానంత చిన్నదవడమే ఇక్కడ కీలకం.

సూత్రాలు బట్టీ పట్టే బదులు క్యారమ్స్‌తో సరిచూసుకోండి. స్ట్రైకర్ 15 గ్రాములు, కాయిన్ సుమారు 5 గ్రాములు. తిన్నగా తగిలి, శక్తి పోలేదనుకుంటే స్ట్రైకర్‌కి సగం వేగం మిగులుతుంది, కాయిన్ ఒకటిన్నర రెట్ల వేగంతో పోతుంది. ప్రత్యావస్థాన గుణకం (విడిపోయే వేగాన్ని దగ్గరయ్యే వేగంతో భాగిస్తే వచ్చేది) 0.8 అయితే 0.55, 1.35 వస్తాయి. రెండింటిలోనూ స్ట్రైకర్ ముందుకే వెళ్తుంది, కాయిన్ వెనకాలే అదీ పాకెట్లో పడి ఫౌల్ అయ్యేది అందుకే. వేగాలు అటూ ఇటూ మారిపోవడం సమాన ద్రవ్యరాశులు తిన్నగా, శక్తి పోకుండా గుద్దుకున్నప్పుడే, దాన్ని అన్నిచోట్లా అతికించకండి.

ఇప్పుడు జేఈఈ వాళ్లకి. పై లెక్కలో తాడు తీసేసి, పైచివర హింజ్‌కి (తలుపు బందు లాంటి కీలుకి) బిగించిన ఏకరీతి కడ్డీ పెట్టండి, గుండు కడ్డీలోనే దిగింది. బొమ్మ చూస్తే దాదాపు అలాగే ఉంటుంది. కానీ తాడు అడ్డంగా నెట్టలేదు, హింజ్ నెట్టగలదు, అదీ ఆ మిల్లీసెకనులోనే, గుండుతో పోటీపడేంత గట్టిగా. ఇక్కడ రేఖీయ ద్రవ్యవేగం నిలవదు, హింజ్ చుట్టూ కోణీయ ద్రవ్యవేగం రాయాలి. కడ్డీ ద్రవ్యరాశి M, పొడవు L, m ద్రవ్యరాశి గుండు u వేగంతో కింది చివర తగిలితే కోణీయ వేగం ω = 3mu/((M + 3m)L) వస్తుంది. తర్వాత గుండుని హింజ్ నుంచి d దూరంలో కొట్టించి, హింజ్ ప్రచోదనం ఎప్పుడు సున్నా అవుతుందో మీరే కట్టి చూడండి. d = 2L/3 దగ్గర అవుతుంది, m ఎంతైనా సరే. ఆ ఒక్కచోట తగిలితే మాత్రం రేఖీయ ద్రవ్యవేగంతో చేసినా అదే జవాబు.