మా చెల్లెలి మెటబాలిజం డబ్బాలు

పోయిన ఆదివారం కడపకు పోయినప్పుడు మా చెల్లెలింట్లో ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించి ఉంది. పొద్దున ఆరింటికి గోరువెచ్చటి నీళ్లలో దాల్చినచెక్క పొడి, ఆరున్నరకు ఆపిల్ సైడర్ వెనిగర్, ఎనిమిదింటికి పౌడర్ షేక్, పదింటికి నాలుగు బాదం పప్పులు, ఇట్లా రాత్రి దాకా రెండు గంటలకోసారి ఏదో ఒకటి. పైన పెద్దక్షరాలతో మెటబాలిజం బూస్టింగ్ ప్లాన్ అని రాసుంది. వంటింటి గట్టు మీద మూడు డబ్బాలు, అందులో రెండింటికి ఇంకా సీలు కూడా తీయలేదు. మొత్తం పద్నాలుగు వేలయిందంట, మా మరిదికి తొమ్మిది వేలని చెప్పింది.

"నాది స్లో మెటబాలిజం అంట అక్కా, అందుకే ఎంత తక్కువ తిన్నా తగ్గడం లేదంట" అని చెబుతుంటే దాని కళ్లల్లో నీళ్లు తిరిగినాయి. రెండో కాన్పు తర్వాత 62 కిలోల మనిషి 77కు వచ్చింది. ఈ ప్లాన్ మొదలుపెట్టిన పది రోజుల్లో మూడు కిలోలు తగ్గింది, ఆ తర్వాత నెలన్నరగా ముల్లు కదల్లేదు. ప్లాన్ ఇచ్చినామెను అడిగితే "మీ మెటబాలిజం డ్యామేజ్ అయింది, లెవెల్ టూ ప్యాక్ తీసుకోవాలి" అనిందంట. నాకు కోపం వచ్చింది ఆ మాటకే. డబ్బులు పోతే పోయినాయి, కానీ ముప్పై ఆరేళ్ల ఆడమనిషికి నీ ఒంట్లో ఏదో చెడిపోయింది అని చెప్పి, ఆ భయం మీద ఇంకో డబ్బా అమ్మడం చాలా తప్పు.

నేను డాక్టర్ను కాదు, అనంతపురంలో ఆఫీసు ఉద్యోగం. కానీ మూడేళ్లుగా నా బరువు కోసం ఈ విషయం గురించి దొరికిందల్లా చదువుతున్నాను, తెలిసింది తెలిసినట్టు చెబుతాను.

ముందు మెటబాలిజం అంటే ఏంటో చూద్దాం, మన ఒళ్లు శక్తిని ఖర్చు పెట్టే తీరు అది. మనం కదలకుండా పడుకున్నా గుండె కొట్టుకోవాలి, ఊపిరి ఆడాలి, మెదడు, కాలేయం, మూత్రపిండాలు పని చేయాలి, ఒంటి వేడి నిలబడాలి. రోజంతా మనం ఖర్చు పెట్టే శక్తిలో సుమారు 60 నుంచి 70 శాతం దీనికే పోతుంది. తిన్నది అరిగించుకోవడానికి ఒక 10 శాతం. మిగిలిందే నడక, పని, మెట్లెక్కడం వగైరా. కదలకుండా ఉన్నప్పటి ఈ ఖర్చును అంచనా వేయడానికి 1990లో వచ్చిన ఒక లెక్కుంది, డైటీషియన్లు ఇప్పటికీ వాడతారు. ఆడవాళ్లకైతే బరువును పదితో, ఎత్తు సెంటీమీటర్లను 6.25తో గుణించి కలిపి, వయసును ఐదుతో గుణించి తీసేసి, ఇంకో 161 తీసేయాలి.

చెల్లెలి ముందరే కాగితం మీద వేసి చూపించాను. 160 సెంటీమీటర్ల ఎత్తు, 36 ఏళ్లు, 77 కిలోలకు 1429 క్యాలరీలు వచ్చింది. అదే మనిషి 62 కిలోలుంటే? 1279. అంటే సన్నగా ఉన్నప్పటికంటే 77 కిలోలున్నప్పుడే దాని ఒళ్లు రోజుకు 150 క్యాలరీలు ఎక్కువ ఖర్చు పెట్టింది. ఒళ్లు పెద్దదైతే నడపడానికి ఖర్చూ పెద్దదే అవుతుంది మరి. "అయితే నాది స్లో కాదా?" అనింది. కాదు. లావుగా ఉన్నవాళ్లలో ఎక్కువ మందిది స్లో మెటబాలిజం కాదు, ఈ ఒక్క మాట మాత్రం అందరికీ తెలియాలి.

వయసు మీద నెట్టడం ఇంకోటి. ముప్పై దాటితే మెటబాలిజం పడిపోతుంది, కాన్పులయ్యాక పడిపోతుంది అని మా ఆఫీసులో కూడా అందరూ అంటారు, నేనూ అదే నమ్మేదాన్ని. 2021లో సైన్స్ పత్రికలో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. 29 దేశాల్లో, ఎనిమిది రోజుల పసిబిడ్డ నుంచి 95 ఏళ్ల వాళ్ల దాకా, 6,400 మందికి పైగా మనుషుల శక్తి ఖర్చును లెక్క కట్టారు. ఒంటి సైజును సరిచేసి చూస్తే ఇరవై ఏళ్ల నుంచి అరవై ఏళ్ల దాకా మెటబాలిజం దాదాపు ఒకే తీరుగా ఉంది. అరవై దాటాక ఏడాదికి 0.7 శాతం చొప్పున మెల్లగా తగ్గుతుంది, అంతే. ముప్పైల్లో, నలభైల్లో ఒళ్లు రావడానికి కారణం వేరే చోట చూసుకోవాలి. నిద్ర తగ్గుతుంది, నడక తగ్గుతుంది, పిల్లలు మిగిల్చింది మనం తింటాం, రాత్రి భోజనం పదింటికి పోతుంది.

మరి మొదటి పది రోజుల్లో పోయిన మూడు కిలోలు? అది నిజంగానే పోయింది, మెషీన్ అబద్ధం చెప్పలేదు. కాకపోతే అందులో ఎక్కువ భాగం నీళ్లు. మన కండరాల్లో, కాలేయంలో గ్లైకోజెన్ అని ఒక పిండి నిల్వ ఉంటుంది, పెద్దవాళ్లలో ఇంచుమించు అర కిలో. ఒక్కో గ్రాముకు దాదాపు మూడు గ్రాముల నీళ్లు పట్టి ఉంటాయి. అన్నం, రొట్టె ఒక్కసారిగా తగ్గిస్తే ఆ నిల్వ కరిగి నీళ్లతో సహా బయటికి పోతుంది. 2018 ప్రాంతంలో మన దగ్గర ఇంటింటా అన్నం మానేసి కొబ్బరినూనె తాగినప్పుడు మా ఆఫీసులో ఒకాయన వారంలో నాలుగు కిలోలు తగ్గానని స్వీట్లు పంచబోయి ఆగిపోయినాడు. ఆయన అబద్ధమాడలేదు, నాలుగు నెలల తర్వాత మళ్లీ అన్నం మొదలుపెట్టాక ఆ నీళ్లు తిరిగొచ్చాయి, అంతే.

ఇక రెండు గంటలకోసారి తినడం. మా చెల్లెలికి ఆ ప్లాన్ ఇచ్చినామె చెప్పిన పోలిక ఇది: మెటబాలిజం పొయ్యి లాంటిది, ఆరిపోకుండా కట్టె వేస్తూనే ఉండాలి. వినడానికి బాగుంటుంది. కానీ అరిగించుకునే ఖర్చు తిన్న మొత్తాన్ని బట్టి ఉంటుంది. అదే తిండిని మూడు పూటలుగా తిన్నా ఆరు పూటలుగా తిన్నా రోజు చివర లెక్క ఒక్కటే. కొందరికి కొంచెం కొంచెం తింటే ఆకలి అదుపులో ఉంటుంది, వాళ్లు అట్లే తినచ్చు. మా చెల్లెలికి మాత్రం రోజంతా ఫ్రిజ్ దగ్గరే గడిచిపోతోంది, ఎప్పుడూ తిండి ధ్యాసే.

కారం, గ్రీన్ టీ సంగతికొస్తే, మిరపకాయలోని క్యాప్సైసిన్ ఒంటి వేడి కొంచెం పెంచేది వాస్తవమే. పెంచేది రోజుకు పదుల క్యాలరీల్లో, అదీ మాత్రల రూపంలో మోతాదుగా ఇస్తే. మన సీమలో కారం లేని పూట ఏదుంది? పచ్చిమిరపకాయ ఊరుబిండి లేకుండా మా ఇంట్లో సంగటి ముద్ద దిగదు, అయినా మా నలుగురిలో ముగ్గురం బరువెక్కినవాళ్లమే. గ్రీన్ టీ మీద జరిగిన పరీక్షలన్నీ కలిపి 2012లో వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ చూసింది, పనికొచ్చేంత బరువు తగ్గడం కనపడలేదు. వెనిగర్ బరువు తగ్గిస్తుందని 2024లో లెబనాన్ నుంచి ఒక అధ్యయనం వచ్చి ప్రపంచమంతా వార్తలయ్యాయి. లెక్కల్లో లోపాలు బయటపడి 2025లో, దాన్ని అచ్చేసిన పత్రికే వెనక్కి తీసుకుంది. ఆ రెండో వార్త మాత్రం ఎవరి స్టేటస్‌లోనూ కనపడలేదు. మా చెల్లెలు ఆ వెనిగర్‌ను నీళ్లు తక్కువ కలుపుకుని తాగి, పళ్లు జివ్వుమంటున్నాయని ఇప్పుడు చల్లనీళ్లు తాగలేకపోతోంది.

మెటబాలిజంను నిజంగా పెంచే మందు ఒకటుండేది. 1930లలో అమెరికాలో డైనైట్రోఫినాల్ అనే రసాయనాన్ని సన్నబడడానికి అమ్మారు. అది ఒంట్లోని శక్తిని పనికి పోనీకుండా వేడిగా మార్చేస్తుంది, బరువు బాగానే తగ్గేది. ఒంటి వేడి ఆపలేనంత పెరిగి మనుషులు చనిపోయారు, కళ్లలో శుక్లాలు వచ్చి కొందరికి చూపు పోయింది. 1938లో అక్కడ దాన్ని ఆపేశారు. ఇప్పటికీ ఇంటర్నెట్‌లో దొంగచాటుగా కొని తిని చనిపోతున్నవాళ్లున్నారు. ఎవరైనా ఊరూ పేరూ లేని ఫ్యాట్ బర్నర్ మాత్రలిస్తే దయచేసి వేసుకోకండి. థైరాయిడ్ లోపం లేకుండా బరువు కోసం థైరాయిడ్ మాత్రలు వేసుకోవడమూ అంతే ప్రమాదం, గుండె దడ పుట్టి ఎముకలు గుల్లబారతాయి.

ఇంకో బాధ ఏమిటంటే, కడుపు మాడ్చుకుంటే మెటబాలిజం తగ్గుతుంది. అమెరికాలో బరువు తగ్గే టీవీ పోటీలో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ల తర్వాత పరీక్షించి 2016లో ఫలితాలు ప్రకటించారు. సగటున 58 కిలోలు తగ్గినవాళ్లు 41 కిలోలు తిరిగి పెరిగారు, వాళ్ల ఒంటి సైజుకు ఉండాల్సిన దానికంటే రోజుకు దాదాపు 500 క్యాలరీలు తక్కువ ఖర్చవుతోంది. అంత తీవ్రంగా చేసినవాళ్ల మాట అది, మామూలుగా తగ్గేవాళ్లకు అంత ఉండదు. కానీ రోజుకు ఎనిమిది వందల క్యాలరీల షేకుల మీద బతకమని చెబుతూ దానికి మెటబాలిజం బూస్టింగ్ అని పేరు పెట్టడం ఎంత అన్యాయమో మీరే చూడండి.

అయితే ఈ డైట్లలో ఏదీ పని చేయదా అంటే, చాలామందికి కొంత పని చేస్తుంది, తక్కువ తింటారు కాబట్టి. 2018లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు 609 మందిని రెండు జట్లు చేసి ఒకరికి కొవ్వు తక్కువ, ఇంకొకరికి పిండిపదార్థం తక్కువ తిండి ఏడాది పాటు పెట్టించారు. ఒక జట్టు 5.3 కిలోలు, ఇంకో జట్టు 6 కిలోలు తగ్గింది, చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇప్పుడు అందరూ మాట్లాడుకునే, బరువు తగ్గడానికి వారానికోసారి వేసుకునే ఇంజెక్షన్లు కూడా ప్రధానంగా ఆకలి తగ్గించే పని చేస్తాయి, వాటి బలమంతా అక్కడే. ప్రొటీన్ మాట మాత్రం ఒప్పుకోవాలి. దాన్ని అరిగించుకోవడానికి అందులోని శక్తిలో 20 నుంచి 30 శాతం ఖర్చవుతుంది, కడుపూ నిండుగా ఉంటుంది. దానికి డబ్బా అక్కర్లేదు, గుడ్లు, ఉలవలు, అలసందలు, పెసలు, పెరుగు చాలు.

నాకు దారి చూపించింది మా ఇంటి నూనె క్యాన్. నలుగురం, నెలకు ఐదు లీటర్ల శెనక్కాయ నూనె క్యాన్ ఖాళీ అయ్యేది. ఒకరోజు కూర్చుని లెక్క వేశాను: ఐదు లీటర్లంటే నాలుగున్నర కిలోల పైమాట, గ్రాముకు తొమ్మిది క్యాలరీలు, నలుగురికి ముప్పై రోజులకు పంచితే మనిషికి రోజుకు సుమారు 340 క్యాలరీలు ఒక్క నూనెలోనే! ఆదివారం పొద్దున మా మామ తెచ్చే బజ్జీలు ఇందులో లేవు. ఆ బజ్జీలు కట్టిన పేపరును పళ్లెంలో విప్పితే నూనె పీల్చుకుని అవతలి వైపు అక్షరాలు ఇటు కనపడతాయి, ఉగ్గాని మీద వేసుకుని తినేటప్పుడు ఆ నూనె ఎవరికీ గుర్తుండదు. ఉగ్గాని మానలేదు, మానను కూడా. బొరుగులు, ఉల్లిపాయ, పప్పుల పొడి, వాటిలో తప్పేమీ లేదు. తిరగమాతకు గరిటెతో పోసేది మానేసి చెంచాతో కొలిచి పోస్తున్నాను, బజ్జీలు ఐదు నుంచి రెండయ్యాయి. క్యాన్ మూత మీద తెరిచిన తేదీ రాస్తాను. ఇప్పుడు నెలకు మూడు లీటర్లు అవుతోంది, అంటే మనిషికి రోజుకు 130 క్యాలరీలకు పైనే తగ్గింది. ఏ టీ, ఏ పొడి ఇవ్వలేనంత, ఒక్క రూపాయి ఖర్చు లేకుండా. దాంతోపాటు సాయంత్రం ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో నలభై నిమిషాల నడక, రాత్రి భోజనం ఎనిమిదిలోపు. పద్నాలుగు నెలల్లో 74 నుంచి 68కి వచ్చాను. నెలకు అర కిలో కూడా పడలేదు, మధ్యలో రెండు నెలలు అసలు కదల్లేదు. ఒళ్లు తేలికైతే దాని ఖర్చూ తగ్గుతుంది, కాబట్టి ఆగడం మామూలే. డ్యామేజ్ ఏమీ కాదు.

చెల్లెలిని థైరాయిడ్ పరీక్ష చేయించుకోమని గట్టిగా చెప్పి వచ్చాను, ఎందుకంటే మెటబాలిజం నిజంగా మందగించే జబ్బు థైరాయిడ్ లోపం, అది మన ఆడవాళ్లలో ఎక్కువ. బుధవారం ఫోన్ చేసింది, థైరాయిడ్ పనితీరు చెప్పే టీఎస్‌హెచ్ పరీక్ష నార్మల్. "అయితే నా ఒంట్లో ఏం చెడిపోలేదు కదా అక్కా?" అని రెండుసార్లు అడిగింది. లేదమ్మా అన్నాను. సీలు తీయని డబ్బాలు వెనక్కి తీసుకోమన్నారంట, మా మరిదికి అసలు సంగతి చెప్పేసిందంట, ఆయన ఏమీ అనలేదంట. నిన్న వాళ్లింట్లో కొత్త నూనె క్యాన్ తెరిచారు. మూత మీద స్కెచ్ పెన్నుతో తేదీ రాసి నాకు ఫొటో పంపింది.