నడుం తెగిన సైనికుడు

ఆదివారం మధ్యాహ్నం.

ఈ పూట బల్ల మీద పని 1982 నాటి జీఐ జో అనే సైనికుడి బొమ్మది. 1964లో హాస్‌బ్రో అనే బొమ్మల కంపెనీ తెచ్చిన మొదటి జీఐ జో 12 అంగుళాలవాడు. 1982 వాడు 3¾ అంగుళాలే. ఆ కొలతను 1978 నుంచి అందరికీ అలవాటు చేసింది కెన్నర్ కంపెనీ వాళ్ళ స్టార్ వార్స్ సినిమా బొమ్మలు. అయితే వాటికి మెడ, భుజాలు, తొడలు తప్ప వేరే కీళ్ళు దాదాపు ఉండవు. జో మాత్రం మోకాళ్ళూ మోచేతులూ వంచుతాడు, నడుమూ తిప్పుతాడు. ఆ నడుమంతా లోపలి చిన్న నల్ల రబ్బరు రింగు మీదే ఆధారపడి ఉంది.

ఏళ్ళ తరబడి సాగి ఉన్న రబ్బరు ఎండి, బీటలిచ్చి, ఏదో ఒకనాడు పుటుక్కుమంటుంది. మొండెం చేతిలో, కాళ్ళు నేల మీద! కంగారు అక్కర్లేదు, బొమ్మ విరగలేదు.

వీపున ఒకే స్క్రూ ఉంటుంది. గాడిలో కదలకుండా కూర్చునే చిన్న స్టార్ స్క్రూడ్రైవరే వాడాలి. సైజు తప్పితే స్క్రూ తల అరిగిపోతుంది, ఆపైన తీయడం నరకం. స్క్రూ రాగానే ఛాతీ రెండు చిప్పలుగా విడిపోయి తల, చేతులు రాలతాయి. ఏ చెయ్యి ఎటుదో ముందే ఫోటో తీసుకుంటే మంచిది. పాత రబ్బరు ముక్కలు లోపల అతుక్కుని ఉంటే పుల్లతో గీకేయాలి.

కొత్త రింగును నడుం ముక్క రంధ్రంలోంచి కిందికి దించి, కాళ్ళను కలిపే లోహపు కొక్కేనికి తగిలించాలి. పై కొసను స్క్రూ దిగే గొట్టం చుట్టూ వేయాలి. తెగిన రింగును కొలతకు నమ్మొద్దు, అది సాగిపోయి ఉంటుంది. కొత్తది పెద్దదైతే కాళ్ళు వేలాడతాయి. బిగువు మరీ ఎక్కువైతే నడుం తిరగదు, రింగు కూడా త్వరగా తెగుతుంది. మందం ఎక్కువైతే చిప్పలు మూసుకోవు.

తల, చేతులు సర్ది ముందు చిప్ప మూశాక, స్క్రూను మొదట వెనక్కి తిప్పాలి. పాత మర గాట్లలోకి టక్కున జారినట్టు వేలికి తెలుస్తుంది. అప్పుడే ముందుకు బిగించాలి. ఇది చెయ్యకపోతే ప్లాస్టిక్‌లో కొత్త మర పడి, గొట్టం పట్టు పోతుంది. చిప్పల మధ్య సందు పూడగానే ఆపేయాలి. ఇంకొక్క చుట్టు అని ఆశపడితే గొట్టం పగులుతుంది.

బిగుసుకున్న కీళ్ళకు నూనె పూయాలనిపిస్తే సిలికాన్ నూనె ఒక చుక్క చాలు. పెట్రోలియం నూనెలు కొన్ని రబ్బర్లను ఉబ్బించి పాడుచేస్తాయి.

తుపాకి పట్టించడం అన్నిటికన్నా ఆఖర్న. బొటనవేలు పాత ప్లాస్టిక్, చల్లగా ఉన్నప్పుడు వంచితే విరిగిపోతుంది. హెయిర్ డ్రయర్‌తో అరచేతిని కాస్త వెచ్చబరిచి, పిడిని మెల్లగా జార్చాలి. వేడినీళ్ళు వద్దు, మోచేతి రివెట్లు తుప్పు పడతాయి.

ఒకప్పుడు పాత బొమ్మలు సేకరించేవాళ్ళు తుపాకి ఉందా అని అడిగేవాళ్ళు. ఇప్పుడు అసలుదేనా అంటున్నారు, నకలు అచ్చులు అంతగా పెరిగాయి మరి. కెన్నర్ స్టార్ వార్స్ బొమ్మల ఆయుధాలను నీళ్ళలో వేసి, తేలితే అసలు, మునిగితే నకలు అని తేల్చేసేవాళ్ళు ఇంకా ఉన్నారు. తేలే నకళ్ళూ ఉన్నాయి, మునిగే అసళ్ళూ ఉన్నాయి. అచ్చు గీతలు, పక్కల నునుపు, ప్లాస్టిక్ వంగే తీరు రూఢి అయిన అసలుతో పక్కపక్కన పెట్టి చూడటమే మేలు.