రెస్క్యూ కెన్నెల్ నుంచి మాలినాయిస్‌ని తెచ్చుకున్నాం, ఒక్క సంతకం కోసం మాత్రం నరకం చూశా

కుక్క ఇక మాదేనన్న పేపర్ నిన్న సాయంత్రం చేతికొచ్చింది. కోపం ఇంకా తగ్గలేదు, సంతోషమూ తగ్గలేదు, రెండూ ఉన్నప్పుడే రాసేద్దామని కూర్చున్నా. మేం తెచ్చుకున్నది బెల్జియన్ మాలినాయిస్ జాతి కుక్క, ఆడది, రెండేళ్ళు ఇంకా నిండలేదు, పేరు జారా. మేముండేది బెంగళూరు రామ్మూర్తి నగర్‌లో, కింద మేము, పైన ఓనర్ వాళ్ళు, వెనకాల కొంచెం ఖాళీ స్థలం.

ఈజీగా అయిపోయినవి ముందు చెప్పేస్తా. దత్తత ఫారం ఆన్‌లైన్‌లో నింపేశా. ఫోన్ ఇంటర్వ్యూలో రోజుకి ఎంతసేపు ఒంటరిగా ఉంటుంది, ఊరెళ్తే ఎవరు చూస్తారు, ఇలాంటివే అడిగారు. హోమ్ చెక్‌కి వచ్చిన పిల్లలు గోడ ఎత్తు చూసి పైన మెష్ కొట్టించమన్నారు, కొట్టించాం. ఓనర్ ఆంటీ "కరవదు కదమ్మా" అని ఒక్కమాట అడిగి సరే అన్నారు, ఈ ఊళ్ళో అలాంటి ఓనర్ దొరకడం మా అదృష్టం.

వదిలేసిన కుక్కల్ని చేరదీసే ఆ కెన్నెల్‌కి వెళ్ళేముందు నేననుకున్నదేంటంటే అక్కడ వీధికుక్కలు, ముసలివి, కాళ్ళు విరిగినవి ఉంటాయని. అవీ ఉన్నాయి కానీ ఒక వరస మొత్తం జాతి కుక్కలే. రాట్‌వీలర్లు, జర్మన్ షెపర్డ్‌లు, హస్కీలు, డోబర్‌మన్‌లు, రెండు మాలినాయిస్‌లు. అన్నీ వయసులో ఉన్నవే, ఏడాది నుంచి మూడేళ్ళ దాకా. కెన్నెల్ చూసుకునే అక్క కన్నడావిడ, తెలుగు బాగా మాట్లాడుతుంది, ఒక్కో గది దగ్గర ఆగి దాని కథ చెప్పింది. ఈ హస్కీ వాళ్ళు అమెరికా వెళ్ళిపోయారు. ఆ హస్కీ ఫ్లాట్‌లో అరుస్తోందని అసోసియేషన్ కంప్లయింట్. ఈ షెపర్డ్‌ని ఒక లేఔట్‌కి కాపలా పెట్టారు, ప్లాట్లన్నీ అమ్ముడుపోయాక సెక్యూరిటీ కాంట్రాక్ట్ అయిపోయింది, వాచ్‌మన్ తన ఊరెళ్ళిపోయాడు, కుక్క గొలుసుతోనే అక్కడ ఉండిపోయింది. ఈ రాట్‌వీలర్ 2024 మార్చిలో వచ్చింది, కేంద్రం 23 జాతులు ప్రమాదకరమని రాష్ట్రాలకి సర్క్యులర్ పంపింది చూడండి, అప్పుడు. ఆ సర్క్యులర్‌ని కర్ణాటక హైకోర్టు ఏప్రిల్‌లోనే కొట్టేసింది, నెల కూడా పట్టలేదు. ఆలోపే జనం రాత్రిపూట తమ కుక్కల్ని కెన్నెల్ గేటుకి కట్టేసి వెళ్ళిపోయారంట. కోర్టు కొట్టేసిందని తెలిశాక ఒక్కరైనా వెనక్కి తీసుకెళ్ళారా అంటే అక్క తల అడ్డంగా ఊపింది.

ఇవన్నీ పనికోసం తయారైన జాతులు. హస్కీ సైబీరియాలో మంచులో బండి లాగే కుక్క, ఒంటిమీద రెండు పొరల బొచ్చు, 2024 ఏప్రిల్‌లో బెంగళూరు 38 డిగ్రీలు దాటితే అది ఏసీ లేని ఫ్లాట్‌లో బాత్రూమ్ నేలమీద పడుకుంది. రాట్‌వీలర్ జర్మనీలో పశువుల్ని సంతకి తోలి, కసాయివాళ్ళ బండ్లు లాగిన కుక్క. మాలినాయిస్ బెల్జియంలో గొర్రెల కుక్క, తర్వాత పోలీసులకి, మిలిటరీకి పోయింది. 2011లో లాడెన్‌ని చంపినప్పుడు అమెరికా వాళ్ళతో వెళ్ళింది ఈ జాతి కుక్కే, 2019లో ఐసిస్ నాయకుడు బాగ్దాదీ అప్పుడూ ఇదే. ఇక వీడియోలు చూసి ప్రతివాడికీ కావాలి. మా పిన్ని కొడుకు సీఆర్‌పీఎఫ్‌లో ఉన్నాడు, బెంగళూరు పక్కన తరళులో వాళ్ళ కుక్కల స్కూలుంది, మాలినాయిస్‌లకి అక్కడ ట్రైనింగ్ ఇస్తారు. వాడిని అడిగితే "అక్కా, దాని వెంట హ్యాండ్లర్ ఉంటాడు, ఆ కుక్కే వాడి డ్యూటీ, పొద్దున లేస్తే దాంతోనే, నీకు అంత ఓపిక ఉంటేనే తెచ్చుకో" అన్నాడు. నాకుంది. నేను పొద్దున అయిదింటికే లేచి పరిగెత్తే మనిషిని, ఏళ్ళుగా వానొచ్చినా మానలేదు, ఆ మాట గట్టిగానే చెప్పుకుంటా.

జారాని మొదటిసారి చూసినప్పుడు అది గుండ్రంగా తిరుగుతోంది. ఎప్పుడూ ఎడమ పక్కకే. సిమెంటు నేలమీద అది తిరిగిన చోట మాత్రం నున్నగా అయిపోయి చక్రంలా కనిపిస్తోంది, వెనక కాళ్ళ అరికాళ్ళు రాసుకుపోయి గులాబీ రంగులో పచ్చిగా ఉన్నాయి. పిలిస్తే ఆగి చూస్తుంది, మళ్ళీ తిరుగుతుంది. పని చేయాల్సిన కుక్కని నాలుగు గోడల మధ్య పెడితే ఇలా అవుతుందని అక్క చెప్పింది. నా జేబులో టెన్నిస్ బంతి ఉంది, చూపించా. తిరగడం ఠక్కున ఆగిపోయింది, చెవులు నిటారుగా, కళ్ళు బంతిమీదే. ఆ క్షణమే ఇది మాదే అనుకున్నా.

అక్కడే చిక్కొచ్చిపడింది. జారాని కెన్నెల్‌కి ఎవరూ సరెండర్ చేయలేదు. పాత ఓనర్ దాన్ని ఒక బోర్డింగ్‌లో, అంటే డబ్బులు తీసుకుని కుక్కల్ని చూసుకునే చోట వదిలి, ఊరెళ్తున్నాం పండగ అవగానే వస్తాం అని చెప్పి, ఫోన్ ఎత్తడం మానేశాడు. నెలలు గడిచాక బోర్డింగ్ వాళ్ళు తెచ్చి ఇక్కడిచ్చారు. స్కానర్ పెడితే చర్మం కింద మైక్రోచిప్ ఉంది, పదిహేను అంకెల నంబరు, కేసీఐ (జాతి కుక్కల్ని నమోదు చేసే కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా) పేపర్లు కూడా ఉన్న కుక్క. ఇంతకుముందు ఒక కుక్క విషయంలో పాత ఓనర్ ఏడాది తర్వాత పేపర్లు పట్టుకుని దత్తత తీసుకున్నవాళ్ళ ఇంటిమీదకి గొడవకొచ్చాడంట, అందుకే పాత ఓనర్ రాతపూర్వకంగా వదులుకుంటే తప్ప ఇవ్వం అని రూలు. రూలు న్యాయమైనదే, కెన్నెల్ వాళ్ళని ఒక్కమాట అనను. వాళ్ళు ఫోన్లు చేసి చేసి విసిగిపోయారు, నంబరు బ్లాక్ చేశాడు. నేను వెళ్ళి అడుగుతా అన్నా.

పాత ఓనర్ ఉండేది సర్జాపూర్ వైపు విల్లాల్లో. గేటు దగ్గర సెక్యూరిటీ అతను ఫోన్ చేస్తే "ఎవరో తెలీదు, పంపొద్దు" అని జవాబు. పక్కన నిలబడమన్నాడు, డెలివరీ పిల్లలు బండ్లు ఆపుకునే చోట. ఎండలో అక్కడే నిలబడ్డా. జారా గురించి అని చెప్పమంటే ఫోన్ పెట్టేశాడు. వెళ్ళిపోలేదు నేను, మళ్ళీ మళ్ళీ చేయించా. చివరికి షార్ట్స్ వేసుకుని ఆయనే వచ్చాడు. మన తెలుగువాడే, నాకు అదింకా బాధ.

"ఏమ్మా, ఎవరు పంపారు నిన్ను?"

ఎవరూ పంపలేదండీ, కుక్కని మేం పెంచుకుంటాం, మీరు వదులుకున్నట్టు ఒక్క సంతకం పెడితే చాలు అన్నా. కాగితం చేతిలోకి తీసుకున్నాడు, చదవలేదు.

"లక్షా ఇరవై పెట్టి కొన్నా దాన్ని. ట్రైనింగ్‌కి ఇంకో అరవై. ఊరికే రాసిచ్చేస్తానా? ఒక నలభై ఇచ్చి తీసుకెళ్ళు."

నాకు నోట మాట రాలేదు. బోర్డింగ్ డబ్బులు కూడా కట్టకుండా వదిలేసిన కుక్కకి రేటు చెప్తున్నాడు. బోర్డింగ్ వాళ్ళకి మీరే బాకీ ఉన్నారు కదండీ అంటే "అది నాకూ వాళ్ళకీ మధ్య, నీకెందుకు?" అన్నాడు. తర్వాత అడిగినవి ఇంకా చెవుల్లో ఉన్నాయి. ఎక్కడుంటారు? సొంతిల్లా అద్దా? మీ ఆయన ఏం చేస్తాడు? జీతమెంత? "అద్దింట్లో ఉంటూ మాలినాయిస్ కావాలా నీకు? దాని తిండి ఖర్చు తెలుసా?" అని సెక్యూరిటీ వాళ్ళ ముందు, డెలివరీ పిల్లల ముందు గట్టిగా అన్నాడు. ఒక పిల్లాడు నావైపు చూడలేక తల తిప్పుకున్నాడు. కాగితం మడిచి నా చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు. బండి స్టార్ట్ చేయడానికి కూడా నా చేతులు వణికాయి.

ఆ రాత్రి నిద్రపట్టక చట్టం వెతికా. జంతువుల్ని హింసించకూడదనే 1960 చట్టంలో సెక్షన్ 11 ఉంది, పెంపుడు జంతువుని ఆకలికి దప్పికకి వదిలేసి పోవడం నేరమే. శిక్ష ఏంటో తెలుసా, మొదటిసారి అయితే 10 రూపాయల నుంచి 50 రూపాయల దాకా జరిమానా. కాఫీ, ఇడ్లీ ఖర్చు. స్టేషన్‌కి కూడా వెళ్ళా. అక్కడున్నాయన మర్యాదగానే మాట్లాడారు కానీ "మేడం, యాభై రూపాయల కేసుకి ఆయన్ని పిలిపించాలంటే కష్టం, మీరే మాట్లాడి సెటిల్ చేసుకోండి" అన్నారు. ఒక ప్రాణం విలువ ఈ దేశంలో యాభై రూపాయలు. దీన్ని మార్చమని ఎంతోమంది ఏళ్ళుగా అడుగుతున్నారు, మార్చాల్సిందే.

మా తాతకి కదిరి దగ్గర గొర్రెల మంద ఉండేది. రాత్రిళ్ళు తోడేళ్ళ భయం, మంద చుట్టూ కుక్కలే కాపలా. తాత తాను ముద్ద నోట్లో పెట్టుకునేముందు కుక్కలకి సంగటి వేసేవాడు. పళ్ళూడిపోయిన ముసలికుక్క కూడా చచ్చేదాకా మందతోనే ఉంది, దాన్ని ఎక్కడో వదిలేయాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు. చదువుకోని మనిషి ఆయన. విల్లాలో ఉన్నాయన మా తాత కాలిగోటికి సరిపోడు, ఎవరేమనుకున్నా ఇదే అంటా.

దారి దొరికింది వ్యాక్సిన్ బుక్కులో. బోర్డింగ్ వాళ్ళు జారాతోపాటు ఇచ్చిన సంచిలో ఆ బుక్కుంది, ఓనర్ అన్నచోట ఆయన పేరు లేదు, ఆయన భార్య పేరు, నంబరు ఉన్నాయి. అక్కతో చెప్తే కేసీఐ పేపరు కాపీ తీసి చూసింది, అందులోనూ ఆవిడ పేరే. అంటే సంతకం పెట్టాల్సింది ఆవిడ! అక్కే ఫోన్ చేసి మాట్లాడింది, ఆవిడ ఒప్పుకుంటే వెటర్నరీ క్లినిక్ దగ్గర కలిశాం.

ఆవిడ చెప్పాకే నాకు మొత్తం అర్థమైంది. జారాని తెచ్చేటప్పటికి దానికి నెలన్నర కూడా లేదంట. ఆర్నెల్లు ముద్దుగానే ఉంది, తర్వాత సోఫా, తలుపులు, ఏదీ మిగల్లేదు. వాకింగ్‌కి తీసుకెళ్ళేవాడు డ్రైవర్, అతను మానేశాక టెర్రస్ మీద కట్టేశారు. ఆయన ఫార్మ్‌హౌస్ కాపలాకి పనికొస్తుందని ఒక ట్రైనర్‌కి అప్పగించాడు, వాడు మొదటే చేతికి స్లీవ్ (పళ్ళు దిగకుండా మందపాటి తొడుగు) వేసుకుని కరవడం నేర్పించాడు, విడిచిపెట్టడం నేర్పించేలోపు డబ్బుల దగ్గర గొడవై మధ్యలో పంపేశాడు. సగం నేర్చిన కుక్క ఇంటికొచ్చింది. ఒకరోజు వాళ్ళబ్బాయి సైకిల్ తొక్కుతుంటే వెంటపడి మడమ దగ్గర పట్టుకుంది. గొర్రెల కుక్క రక్తం అది, పరిగెత్తేదాన్ని మడమ దగ్గర పట్టి ఆపడం దాని పుట్టుకలోనే ఉంది, గాటు కూడా పడలేదంట. కానీ ఇంట్లో అందరూ దాన్ని పిచ్చి కుక్క అనేశారు. అంతే, బోర్డింగ్.

సంతకం పెడుతూ "ఇంకా తిరుగుతుందా అండీ?" అని అడిగింది. టెర్రస్ మీదే మొదలైందంట. తగ్గుతుందండీ, తగ్గిస్తా అన్నా. ఆవిడ మీద నాకు కోపం లేదు, ఆ ఇంట్లో ఆవిడ మాట ఎంతవరకు చెల్లుతుందో గేటు దగ్గరే చూశా.

తర్వాతివి చకచకా అయిపోయాయి. స్టెరిలైజేషన్ కెన్నెల్ వాళ్ళే చేయించారు, టిక్ ఫీవర్‌కి రక్తపరీక్ష మాత్రం మేం మళ్ళీ చేయించాం, మీరూ చేయించండి, ఈ ఊళ్ళో పిడుదులు ఎక్కువ. కార్పొరేషన్ లైసెన్స్‌కి యాంటీరేబీస్ సర్టిఫికెట్ పెట్టి అప్లై చేశాం.

బ్రీడర్ల గురించి ఒకటి చెప్పాలి. 2017 రూల్స్ ప్రకారం కుక్కపిల్లలు అమ్మేవాడికి రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు రిజిస్ట్రేషన్ ఉండాలి, ఎనిమిది వారాల లోపు పిల్లని అమ్మకూడదు. పిల్ల కావాలన్నట్టు ఫోన్ చేసి ఈ రెండూ అడిగి చూశా, ఇద్దరు మాట మధ్యలోనే పెట్టేశారు, ఒకడు "మీరు ఎన్జీఓనా" అన్నాడు. మీ ఇల్లెంత, రోజుకి ఎంతసేపు తిప్పుతారు అని ఒక్కడూ అడగలేదు, కెన్నెల్ వాళ్ళు మాత్రం అన్నిటికంటే ముందు అదే అడిగారు. కరవడం నేర్పే ట్రైనర్లని చెప్పుతో కొట్టినా తప్పులేదు, ఇంట్లో ఉండే కుక్కకి ఆ చదువు అవసరమే లేదు.

జారా ఇప్పుడు పొద్దున నాతో పరిగెడుతుంది, సాయంత్రం వాసన పట్టే ఆట. బంతిని స్టోర్ రూమ్‌లో రాగుల బస్తా వెనక, షూ ర్యాక్‌లో, ఎక్కడ దాచినా నిమిషంలో పట్టేస్తుంది. బయటికెళ్తే మూతికి చిక్కం వేస్తున్నా, అలవాటయ్యేదాకా. తిరగడం పూర్తిగా పోలేదు, వంటింట్లో కుక్కర్ విజిల్ వేస్తే మొదలుపెడుతుంది, అప్పుడు "జారా, వెతుకు" అంటే ఆపేసి ముక్కు నేలకి ఆనిస్తుంది.

సరెండర్ లెటర్ రాయించుకునేవాళ్ళు ఇవి చూసుకోండి: చిప్ నంబరు పూర్తిగా ఉండాలి, కేసీఐ పేపర్‌లో పేరున్న మనిషే సంతకం పెట్టాలి, ఇక ముందు ఈ కుక్కమీద నాకు హక్కు లేదు అని స్పష్టంగా ఉండాలి, ఇద్దరు సాక్షులు, తేదీ, ఐడీ కాపీ. తర్వాత చిప్ రికార్డులో మీ పేరు, ఫోన్ నంబరు మార్పించుకోండి.

జారా పక్క గదిలో ఉన్న ఇంకో మాలినాయిస్ మగది, మూడేళ్ళు, పేపర్లు క్లియర్‌గా ఉన్నాయి, ఇంకా అక్కడే ఉంది. ఖాళీ స్థలం ఉండి, పొద్దునా సాయంత్రం గంట గంట ఇవ్వగలిగినవాళ్ళు, ఇంట్లో చిన్నపిల్లలు లేనివాళ్ళు ఎవరైనా ఉంటే నాకు చెప్పండి, అక్కతో మాట్లాడిస్తా, కావాలంటే మీతోపాటు కెన్నెల్‌కి కూడా వస్తా.