ముందు రాయండి, తర్వాత మాట్లాడండి

నెలకోసారి కొందరం ఒకచోట కూర్చుని హేతుబద్ధంగా ఆలోచించడం గురించి చర్చించుకుంటాం. ఆ సమావేశాలను నడిపే బాధ్యత నాది. మన బడి పూర్వ విద్యార్థుల సంచికకు ఏదైనా రాయమని అడగగానే వాటి గురించే రాయాలనిపించింది. వాటికి పునాది మన బడి ప్రయోగశాలలోనే పడింది మరి.

భౌతికశాస్త్రం మాస్టారు లోలకం ప్రయోగం చేయించిన తీరు నా తోటివారికి గుర్తుండే ఉంటుంది. ఇనుప గుండు త్వరగా ఊగుతుందా, అంతే సైజు చెక్క గుండా? స్టాండు ముట్టుకోకముందే జవాబును రికార్డు పుస్తకంలో సిరాతో రాయాలి. పెన్సిలుతో రాస్తే ఒప్పుకునేవారు కాదు. 20 డోలనాలు లెక్కపెట్టి చూస్తే రెండింటికీ పట్టిన సమయం ఒక్కటే. తేడా తెచ్చేది దారం పొడవు. తప్పు రాసినవారిని మాస్టారు మందలించేవారు కాదు. దగ్గరకు పిలిచి, "ఇప్పుడేమనుకుంటున్నావు, ఎందుకు?" అని అడిగేవారు.

మా సమావేశాల్లోనూ అదే పద్ధతి. ప్రశ్న వినగానే ఎవరూ మాట్లాడరు. తమ అభిప్రాయాన్ని, దానిపై తమకు నూటికి ఎంత నమ్మకముందో చీటీ మీద రాస్తారు. చీటీలన్నీ బల్ల మీదకు చేరాకే చర్చ. ఇది ఎందుకు అవసరమో 1950ల్లో మనస్తత్వ శాస్త్రవేత్త సాలమన్ ఆష్ చేసిన ప్రయోగాలు చెబుతాయి. చూపించిన గీతతో ఏ గీత సమానమో కంటికి స్పష్టంగా కనిపిస్తున్నా, ముందు మాట్లాడినవారంతా ముందే అనుకున్న ప్రకారం తప్పు జవాబు చెబితే, పరీక్షకు వచ్చిన వ్యక్తి సుమారు మూడో వంతు సార్లు వారితోనే గొంతు కలిపాడు. జవాబును విడిగా కాగితం మీద రాయనిచ్చినప్పుడు ఆ లొంగుబాటు బాగా తగ్గింది. గీతల పొడవు దగ్గరే ఇంత మొహమాటమైతే, అభిప్రాయాల దగ్గర ఇంకెంత ఉండాలి!

కొత్తవారు వచ్చిన రోజున మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ వాసన్ 1960లో ప్రచురించిన పరీక్ష పెడతాను. 2, 4, 6 అనే వరుస నా మనసులోని నియమానికి సరిపోతుంది. వేరే వరుసలు చెబుతూ ఆ నియమాన్ని కనిపెట్టాలి. 8, 10, 12? అవును. 20, 22, 24? అవును. వెంటనే ఎవరో ధీమాగా "రెండేసి చొప్పున పెరిగే సరిసంఖ్యలు" అంటారు. కాదు. అంకెలు పెరుగుతూ పోతే చాలు, అదే నియమం. వాసన్ పరీక్షించిన 29 మందిలో ఒక్క తప్పు నియమమైనా ప్రకటించకుండా సరైనదాన్ని చేరినవారు ఆరుగురే. ఒకసారి అంతవరకు పెదవి విప్పని ఒక నర్సు "6, 4, 2?" అని అడిగారు. కాదన్నాను. "హమ్మయ్య, ఇప్పుడు కొంత తెలిసింది" అన్నారావిడ. 'అవును' అనిపించుకోవాలని కాక, 'కాదు' అనిపించుకోవడానికి అడిగిన ఆ ఒక్క ప్రశ్న గదిలో అందరి పద్ధతినీ మార్చింది.

తర్వాతి సమావేశానికి ఆవిడే ఒక లెక్క తెచ్చారు. వెయ్యి మందిలో ఒకరికి ఉండే జబ్బు. పరీక్ష ఆ ఒక్కరినీ తప్పక పట్టుకుంటుంది, జబ్బు లేనివారిలో మాత్రం నూటికి ఐదుగురికి ఉందని పొరపాటుగా చెబుతుంది. ఉందని ఫలితం వచ్చిన మనిషికి నిజంగా జబ్బుండే అవకాశమెంత? చీటీల్లో ఎక్కువగా వచ్చింది 95 శాతం. ఆవిడ గళ్ల కాగితం మీద వెయ్యి గళ్లు గుర్తించి, ఒకదానికి ఎర్ర రంగు, యాభైటికి పసుపు రంగు వేసి చూపించారు. 51లో ఒకటి, అంటే సుమారు 2 శాతం. 1978లో ఇదే ప్రశ్నను 60 మంది వైద్యులను, వైద్య విద్యార్థులను అడిగితే సరైన జవాబు చెప్పినవారు 11 మంది.

నడిపేవారికి అసలు పరీక్ష మాటకారులతోనే. ప్రాచీన భారతీయ తర్కశాస్త్ర గ్రంథమైన న్యాయసూత్రాలు నిజం తేల్చుకోవడానికి చేసే వాదాన్ని, గెలవడానికి చేసే జల్పాన్ని, ఖండించడమే పనిగా పెట్టుకున్న వితండాన్ని ఎప్పుడో వేరు చేశాయి. మాకూ ఒక నియమం ఉంది: ఎదుటివారి వాదనను వారే "అవును, నేనన్నది అదే" అనేలా తిరిగి చెప్పాకే ఖండించాలి. చాలా గొడవలు అక్కడే చల్లారతాయి.

చివర్లో అందరూ చీటీ వెనక మళ్లీ అంకె వేస్తారు. మారినవారు ఎందుకు మారిందో చెబుతారు. నాకు అన్నిటికన్నా ఇష్టమైన సమయం అదే.

మీరూ మొదలుపెట్టాలనుకుంటే నలుగురైదుగురు చాలు. మొదటి ప్రశ్నలు అక్కడికక్కడే సరిచూసుకోగలిగేవిగా ఉండాలి. రాజకీయాల జోలికి, ఒకరి మాట ఒకరు వినడం అలవాటయ్యాకే వెళ్లండి.