పెద్ద బోటు లాగాలంటే పికప్‌లో ఏమేం మారాలి: కువైట్‌లోని మన డ్రైవర్లకు

కడప, రాయచోటి, రాజంపేట, కదిరి తట్టు నుంచి కువైట్‌కు ఇంటి డ్రైవర్లుగా పోయే మనోళ్లకు ఊళ్లో ఎవరూ నేర్పని పని ఒకటి అక్కడ ఎదురవుతుంది. పిల్లల్ని బడికి దించడం, మార్కెట్టుకు పోయిరావడం ఎట్లాగూ ఉంటాయి. వాటితోపాటు ఇంటి ముందర ట్రైలర్ మీద నిలబెట్టిన బోటును, అక్కడివాళ్లు తరాద్ అనేదాన్ని, గురువారం రాత్రో శుక్రవారం తెల్లారుజామునో పికప్‌కు తగిలించి సముద్రతీరంలోని బనైదర్ దాకానో ఖైరాన్ దాకానో లాక్కుపోవాలి. 24 అడుగుల బోటు ఉన్నన్నాళ్లు బండి ఎట్లో లాగుతుంది. కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, దాన్ని అమ్మేసి 31 అడుగులది, 300 హార్స్‌పవర్ ఇంజన్లు రెండున్నది కొన్న రోజు నుంచి లెక్క మారిపోతుంది. బండి అదే, వెనక ట్రైలర్ తగిలించే హిచ్ అదే, తోలే మనిషీ అతనే. వెనకున్న బరువు మాత్రం దాదాపు రెట్టింపు.

‘షువైఖ్‌కు (గ్యారేజీలుండే చోటు) పోయి స్ప్రింగులు గట్టివి వేయించుకురా, చాలు’ అంటారు చాలామంది బాబాలు, అంటే ఇంటి యజమానులు. చాలదు. స్ప్రింగులు మార్చితే వెనక భాగం కుంగడం తగ్గుతుంది, అంతే. ఇరుసు మోయగలిగే బరువు పెరగదు, బ్రేకు పట్టు పెరగదు. కంపెనీ ఆ బండికి ఇచ్చిన మొత్తం బరువు పరిమితి ఒక్క కిలో కూడా కదలదు.

ముందు బోటు అసలు బరువు తెలియాలి. అమ్మేవాళ్లు చెప్పేది పొడి బరువు. ఇంజన్లు, పెట్రోలు, నీళ్లు, బ్యాటరీలు, ట్రైలర్ అందులో చాలాసార్లు ఉండవు. ఒక ఉదాహరణ వేద్దాం. బోటు గుల్ల 2,800 కిలోలు అనుకోండి. 300 హార్స్‌పవర్ అవుట్‌బోర్డ్ ఇంజను ఒక్కొక్కటి పావు టన్ను పైమాటే, రెండూ కలిపి 520. పెట్రోలు లీటరుకు ముప్పావు కిలో లోపు, 700 లీటర్లకు 520. మంచినీళ్లు 100, బ్యాటరీలు 100, లంగరు, గొలుసు, ఐస్ పెట్టె, చేపల సామాను 200. మూడిరుసుల ట్రైలర్ 1,000. అన్నీ కలిపితే 5,240 కిలోలు. 2,800 అని విన్న బోటు రోడ్డెక్కేసరికి ఇంతవుతుంది.

ఇందులో పైసా ఖర్చు లేకుండా తగ్గించగలిగింది పెట్రోలు ఒక్కటే. ట్యాంకులో 200 లీటర్లే ఉంచి, మిగిలింది సముద్రం దగ్గర పోయించమని అడగండి. 500 లీటర్లు తగ్గితే 370 కిలోలు తగ్గినట్లే. మంచినీళ్లు, ఐసు కూడా అక్కడే నింపుకోవచ్చు.

ఇప్పుడు బండి సంగతి. డ్రైవర్ తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద స్టిక్కర్ ఉంటుంది. బండి మొత్తం ఎంత తూగవచ్చు, ముందు ఇరుసు ఎంత మోయాలి, వెనక ఇరుసు ఎంత మోయాలి అనేవి దాని మీద ఉంటాయి. ప్రకటనల్లో ‘ఆరు టన్నులు లాగుతుంది’ అని రాసిన ఎఫ్ 150, సిల్వరాడో లాంటి, హాఫ్‌టన్ అనే చిన్న తరగతి పికప్‌లలో మొదట అయిపోయేది లాగే శక్తి కాదు, మోసే శక్తి. ట్రైలర్ ముక్కు హిచ్ మీద మోపే బరువు మొత్తం బరువులో 10 శాతం ఉండాలి. పైన చెప్పిన బోటుకు అది 520 కిలోలు. ఐదుగురు మనుషులు 400, హిచ్ సామాను 30. ఇక్కడికే 950. సామాన్యమైన హాఫ్‌టన్ డబుల్ క్యాబిన్ మోసేది 700 కిలోల అటూఇటూ. ఇంజను లాగుతూనే ఉంటుంది కాబట్టి వెనక ఇరుసు మీద ఏం జరుగుతోందో డ్రైవర్‌కు తెలియదు.

ముక్కు బరువు ఎందుకు కావాలో మనూరోళ్లకు వేరే చెప్పాల్సిన పని లేదు. ఎద్దుల బండికి వెనుబరువైతే కాడి పైకి లేస్తుంది, మునుబరువైతే ఎద్దుల మెడ విరుగుతుంది. ట్రైలర్ కూడా అంతే. ముక్కు బరువు బాగా తగ్గితే గంటకు 80 కిలోమీటర్లు దాటగానే తోక ఊపడం మొదలుపెడుతుంది. అప్పుడు బండి బ్రేకు గట్టిగా తొక్కినా, స్టీరింగు అటూఇటూ తిప్పినా ఇంకా ఎక్కువవుతుంది. యాక్సిలరేటర్ వదిలి, స్టీరింగు నిటారుగా పట్టుకుని, చేతితో ట్రైలర్ బ్రేకు వేసే మీట ఉంటే అది మాత్రమే మెల్లగా నొక్కాలి. ఆగినాక బోటును ట్రైలర్ మీద ముందుకు జరపడమో, సామాను ముందుకు మార్చడమో చేయాలి.

అంచనాలు నమ్మొద్దు, లారీల కాటా మీదికి తీసుకుపోండి. మూడు తూకాలు చాలు. మొదట పికప్ ఒక్కటే, ముందు చక్రాలు, వెనక చక్రాలు విడివిడిగా. తర్వాత ట్రైలర్ తగిలించి, పికప్ చక్రాలు మాత్రమే కాటా మీద పెట్టి. చివరికి అంతా కలిపి. ఒక హాఫ్‌టన్ బండి ఒంటరిగా ముందు 1,520, వెనక 1,130, మొత్తం 2,650 తూగిందనుకుందాం. ట్రైలర్ తగిలించినాక ముందు 1,345, వెనక 1,825, మొత్తం 3,170. తేడా 520, అదే ముక్కు బరువు. అంతకంటే ముఖ్యమైనది ముందు చక్రాలు 175 కిలోలు పోగొట్టుకోవడం. స్టీరింగు తేలిపోయేది అందుకే, తడి రోడ్డు మీద, ఇసుక మీద బండి మాట విననిదీ అందుకే. చాలా హాఫ్‌టన్ బండ్ల వెనక ఇరుసు పరిమితి 1,800 కిలోల చుట్టుపక్కల ఉంటుంది. అంటే మనుషులు ఎక్కకముందే పరిమితి దాటింది.

ఈ కాటా చీటీ బాబాకు చూపించండి. ఇంట్లో పనిచేసే మనిషి ‘ఇది కుదరదు’ అంటే వినని యజమాని కూడా అంకెల కాగితం చూస్తాడు. మాటల్లో వాదన పెట్టుకోవద్దు, వీసా ఆయన చేతిలో ఉంది. స్టిక్కర్ ఫొటో, చీటీ ఫొటో పక్కపక్కన పెట్టి వాట్సాప్‌లో పంపండి. రేపు ఏదైనా జరిగితే మీరు ముందే చెప్పినట్టు రుజువుగా కూడా ఉంటుంది. ఇన్సూరెన్స్ కాగితంలో ట్రైలర్ మాట ఉందో లేదో అదే రోజు అడగండి.

మొత్తం 4,000 కిలోల లోపు ఉంటే హాఫ్‌టన్ బండినే సిద్ధం చేసుకోవచ్చు. ఐదు టన్నులు దాటితే ఎఫ్ 250, సియెర్రా 2500 తరహా బండి కొనమని చెప్పడమే న్యాయం. ఆ చిన్న బండి మీద పోసే డబ్బు దండగ.

డబ్బు ముందు పెట్టాల్సింది ట్రైలర్ బ్రేకుల మీద. కొత్త బోటును పాత రెండిరుసుల ట్రైలర్ మీద ఎక్కించడం అన్నిటికంటే ప్రమాదం. బోటు ట్రైలర్లకు ఎక్కువగా సర్జ్ బ్రేకులుంటాయి: బండి ఆగితే ట్రైలర్ ముందుకు తోసి, ఆ తోపుడుతోనే హైడ్రాలిక్ ఒత్తిడి పుడుతుంది. ఇవి మంచివే కానీ రివర్సులో మెరక ఎక్కేటప్పుడు కూడా పట్టేస్తాయి. దాన్ని విడిపించడానికి ట్రైలర్‌లో సోలినాయిడ్ అనే కరెంటు కవాటం ఉంటుంది, దానికి రివర్స్ లైటు కరెంటు అందాలి. నాలుగు పిన్నుల ప్లగ్గులో ఆ వైరు ఉండదు. ఐదు పిన్నులదో ఏడు పిన్నులదో పెట్టించండి. ‘వెనక్కి పోవట్లేదు, గేరుబాక్సు పోయింది’ అని గ్యారేజీకి తెచ్చే బండ్లలో అసలు లోపం ఈ ఒక్క వైరు అయి ఉండొచ్చు.

పెద్ద ట్రైలర్‌కు ఇంకా మేలైనది కరెంటుతో నడిచే హైడ్రాలిక్ పంపు. బండిలో బ్రేకు కంట్రోలర్ ఉండాలి, అది ఆ పంపుకు సరిపడే రకం కావాలి. డిస్క్ బ్రేకులకు 1,600 పీఎస్‌ఐ ఒత్తిడి ఇచ్చే పంపు, డ్రమ్ములకు 1,000. మార్చి వేస్తే డిస్కులు పట్టవు, డ్రమ్ములు దెబ్బతింటాయి. చక్రాల్లోనే అయస్కాంతం ఉండే మామూలు ఎలక్ట్రిక్ బ్రేకులు ఉప్పునీళ్లలో ఎక్కువ కాలం బతకవు, వాటి జోలికి పోవద్దు.

హిచ్ మీద చాలాసార్లు రెండు పరిమితులు రాసి ఉంటాయి, బరువు పంచే కడ్డీలు లేకుండా ఒకటి, ఉంటే ఇంకొకటి. మొదటిది 2,268 కిలోల దగ్గరే ఆగిపోయేవి ఉన్నాయి. ఆ కడ్డీలు ముందు చక్రాలు పోగొట్టుకున్న బరువులో కొంత తిరిగి తెస్తాయి. కానీ కొన్ని సర్జ్ బ్రేకులకు అవి అడ్డుపడతాయి, ట్రైలర్ తయారీదారు ఒప్పుకున్న రకమే వాడాలి. బోటును నీళ్లలోకి దించే ర్యాంపు దిగేముందు వాటిని విప్పేయాలి, లేకుంటే వాలు మారే చోట వంగిపోతాయి.

హిచ్ మీది గుండు, అంటే బాల్, సైజు కళ్లతో అంచనా వేయొద్దు, దాని నెత్తిన అచ్చేసి ఉంటుంది. రెండు అంగుళాల కప్లర్‌లో (బాల్ మీద కూర్చునే ట్రైలర్ ముక్కులో) ఒకటీ ఏడు ఎనిమిదో వంతు అంగుళం బాల్ కూర్చున్నట్టే కనిపిస్తుంది, మొదటి గుంతలో ఎగిరి బయటికొస్తుంది. బరువైన ట్రైలర్లకు రెండూ ఐదు పదహారో వంతు అంగుళాలది కావాలి. బాల్ కింది మరకాడ అంగుళం లావుంటే దాని నట్టుకు 340 న్యూటన్ మీటర్లు, అంగుళంపావు లావుంటే 610. ఇది చేతి పానాతో వచ్చే బిగువు కాదు, టార్క్ రెంచి ఉన్న చోటికి పోవాలి. హిచ్‌ను ఛాసిస్‌కు వెల్డింగ్ చేస్తామంటే ఒప్పుకోవద్దు. వేడికి ఛాసిస్ ఇనుము బలం తగ్గి ఆ పక్కనే పగులుతుంది. కంపెనీ రంధ్రాల్లోనే బోల్టులు పడాలి.

టైర్ల విషయంలో ఎండ లెక్క కూడా కలుస్తుంది. కువైట్‌లోని మిత్రిబాలో 2016 జూలైలో 53.9 డిగ్రీలు నమోదైంది. రోడ్డు అంతకంటే చాలా వేడిగా ఉంటుంది. కారు రకం టైరు మీద లోడ్ ఇండెక్స్ (మోసే బరువు తెలిపే అంకె) 116 అని ఉంటే 1,250 కిలోలు. కానీ అదే టైరు పికప్‌కు వేస్తే 1.1తో భాగించాలి, 1,136 వస్తుంది. రెండు టైర్లకు 2,270. మనుషులు, ఐస్ పెట్టె ఎక్కినాక వెనక ఇరుసు 2,150 దాకా పోతుంది, చేతిలో మిగిలేది దాదాపు ఏమీ లేదు. పికప్‌లకు చేసే ఎల్‌టీ (LT) రకం, లోడ్ రేంజ్ ‘E’, ఇండెక్స్ 121 ఉన్నవి వేయిస్తే ఒక్కొక్కటి 1,450 మోస్తుంది. గాలి పొద్దున చల్లగా ఉన్నప్పుడే చూడాలి. దారిలో వేడెక్కి పెరిగిందని గాలి తీసేస్తే పేలేది ఆ టైరే. ట్రైలర్ టైర్లు అరిగి పోవు, ఎండకు ఎండి పోతాయి. పక్క గోడ మీద నాలుగంకెలు చూడండి, 2319 అంటే 2019లో 23వ వారం. టైరు మీది గీతలు కొత్తగా కనిపించినా ఐదారేళ్లు దాటితే మార్పించండి. వాటిలో చాలా రకాలకు గంటకు 105 కిలోమీటర్లే పరిమితి. 80తో పోతే చాలు.

గేరుబాక్సు నూనెకు అదనపు కూలర్ వేసవిలో తప్పనిసరి. ఆ నూనె వేడి చూపే మీటరు 95 డిగ్రీల లోపు ఉంటే మామూలు, 120 దాటితే పక్కకు ఆపి, న్యూట్రల్‌లో ఇంజను నడవనిచ్చి చల్లారనివ్వాలి. బరువు లాగేటప్పుడు వాడే టో మోడ్ నొక్కి నడపండి, గేరు ఊరికే పైకీ కిందికీ మారుతుంటే నూనె త్వరగా కాలుతుంది. వెనక ఇరుసు పళ్ల నిష్పత్తి 3.31 నుంచి 3.73కు మారిస్తే చక్రాల దగ్గర లాగుడు 13 శాతం దాకా పెరుగుతుంది. ఫోర్ వీల్ బండికి ముందూ వెనకా రెండూ మార్చాలి, లేకుంటే ఫోర్ వీల్ వేసిన క్షణం ముందు వెనక ఇరుసులకు శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేసు విరుగుతుంది. కొత్త పళ్లతో మొదటి 800 కిలోమీటర్లు ఏమీ లాగకుండా తిప్పి, నూనె మార్చించాలి. మొదటి వారమే బోటు కట్టారంటే పళ్లు కాలి, ఆ తర్వాత ఎప్పటికీ ఊళ పెడుతూనే ఉంటాయి.

ర్యాంపు దగ్గరికి చేరగానే నీళ్లలోకి దించొద్దు. ట్రైలర్ హబ్బులు, అంటే చక్రాల నడిమి బేరింగులుండే భాగాలు, వేడిగా ఉంటాయి. ఒక్కసారిగా చల్లబడితే లోపలి గాలి కుంచించుకుని సీలు పక్కనుంచి ఉప్పునీళ్లను పీల్చుకుంటుంది, నెల తిరక్కుండా బేరింగు తుప్పు. అరగంట ఆగి, చెయ్యి పెడితే ఓర్చుకునేంత చల్లబడినాక దించాలి. నీరు తగ్గిన వేళ ర్యాంపు కింది భాగం పాచి పట్టి బయటపడుతుంది, అక్కడ ఫోర్ లో (ఫోర్ వీల్‌లో నిదానపు గేరు) వేసుకోవడం మంచిది. ఇంటికొచ్చినాక బ్రేకులు, హబ్బులు, స్ప్రింగులు మంచినీళ్లతో కడగండి. ఎంత రాత్రయినా ఈ పని మానొద్దు.

రాత్రి మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. కువైట్‌లో ఇంటి పనివాళ్లకు 2015లో వచ్చిన 68వ చట్టం రోజుకు 12 గంటల పరిమితి, వారానికి ఒక సెలవు ఇచ్చింది. బోటు పని పడేది శుక్ర, శనివారాలే. తెల్లారుజామున దించిన మనిషే అర్ధరాత్రి ఐదు టన్నులు వెనక్కి లాక్కురావడం అన్యాయం, ప్రమాదం కూడా. మధ్యలో షాలీ (సముద్రం ఒడ్డున యజమాని విడిది ఇల్లు) దగ్గర నాలుగు గంటలు పడుకోవడానికి చోటు అడగండి, సెలవు వేరే రోజుకు మార్చమని అడగండి.

వీసా కోసం ఎదురుచూస్తున్నవాళ్లు ఊళ్లోనే ఒక పని నేర్చుకోవచ్చు. ఒకే ఇరుసున్న ట్రాక్టర్ ట్రాలీని వెనక్కి తోయడం, బోటు ట్రైలర్‌ను తోయడం ఒకటే లెక్క. ముందు ఇరుసు తిరిగే నాలుగు చక్రాల ట్రాలీ మీద నేర్చుకుంటే మాత్రం చెయ్యి తప్పుగా అలవాటవుతుంది. స్టీరింగు అడుగు భాగాన చెయ్యి పెట్టండి. చెయ్యి ఎటు జరిపితే ట్రైలర్ అటు పోతుంది.

సెలవు మీద ఊరికొచ్చేటప్పుడు బదులు వచ్చే తమ్ముడికి తాళంతోపాటు ఒక కాగితం ఇవ్వండి. బాల్ సైజు, బండికీ ట్రైలర్‌కూ టైర్ల గాలి, చక్రాల నట్ల బిగువు (ట్రైలర్‌కు అర అంగుళం స్టడ్డయితే 120 నుంచి 160 న్యూటన్ మీటర్లు), ట్రైలర్ టైర్ల నాలుగంకెలు, హబ్బుల్లో గ్రీజు వేసిన తేదీ, బ్రేకు నూనె మార్చిన తేదీ, కాటా చీటీ నకలు. మొదటి 40 కిలోమీటర్లకు ఆగి హబ్బులన్నీ తాకి చూడమని, నట్లు మళ్లీ బిగించమని అందులోనే రాయండి. తెలుగులో రాయండి, బండి అద్దం వెనక అతికించండి.